శేషాచలం మీది గాలి అలలకు డబ్ల్యూఆర్‌ఎఫ్‌ మోడల్‌ ఎంతవరకు పనికివస్తుంది: ఒక సమీక్ష

వాతావరణ పరిశోధనకూ ముందస్తు అంచనాలకూ ప్రపంచమంతటా వాడుకలో ఉన్న డబ్ల్యూఆర్‌ఎఫ్‌ అనే కంప్యూటర్‌ మోడల్‌ను ఈ సమీక్షలో ఒకే ఒక్క పనికి సంబంధించి పరిశీలిస్తున్నాను. కొండల మీదుగా గాలి వీచినప్పుడు పుట్టే గురుత్వ తరంగాలను అది ఎంత నమ్మకంగా లెక్కగట్టగలదు, తిరుపతి పరిసరాల్లో దానిని వాడదలచిన విద్యార్థి గానీ అధ్యాపకుడు గానీ ముందుగా ఏమేమి తెలుసుకోవాలి అన్నదే ఇక్కడి విషయం. వర్షపాతానికో తుపాను దారికో ఈ మోడల్‌ ఎలా పనిచేస్తుందన్నది వేరే చర్చ. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఉచితంగా దొరికే సాధనాలలో, నిజమైన కొండల మీద నిజమైన ఒక రోజు గాలిని లెక్కగట్టడానికి ఇంతకంటే సమగ్రమైనది నాకు కనబడలేదు, కానీ నమూనాగా ఇచ్చిన అమరికలను మార్చకుండా నడిపితే, మన అక్షాంశంలో, మన కొండల మీద అది చూపే అలల్లో చాలా భాగాన్ని నమ్మకూడదు.

స్థిరంగా ఉన్న గాలి పొర కొండను ఎక్కవలసి వచ్చినప్పుడు, పైకి నెట్టబడిన గాలి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడి బరువెక్కుతుంది, కిందికి జారుతుంది, జారిన ఊపులో తన స్థానాన్ని దాటిపోయి మళ్లీ పైకి తేలుతుంది. తలకోన ఏటిలో నీట మునిగిన రాయికి దిగువన నీటి మీద కదలకుండా నిలబడే మడతల మాదిరిగానే, కొండ మీదా కొండకు దిగువనా గాలిలో అలలు నిలబడతాయి. నీరు సాగిపోతుంది, మడత మాత్రం అక్కడే ఉంటుంది. గాలిలోని అలకు అదనంగా ఒక గుణం ఉంది: అది పైకి కూడా పాకుతుంది. గాలి వేగాన్ని బ్రంట్‌–వైసాలా పౌనఃపున్యంతో, అంటే పైకి నెట్టిన గాలి ఎంత త్వరగా ఊగుతుందో చెప్పే సంఖ్యతో భాగించి, రెండు పైలతో గుణిస్తే దాని నిలువు తరంగదైర్ఘ్యం సుమారుగా వస్తుంది. సెకనుకు 10 మీటర్ల గాలి, సెకనుకు 0.01 పౌనఃపున్యం ఉంటే అది 6.3 కిలోమీటర్లు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కనుక అల ఊపు పెరుగుతూ పోతుంది. ఒక ఎత్తున అది తట్టుకోలేక విరిగి, తీవ్రమైన కుదుపుగా మారుతుంది. 1966 మార్చి 5న జపాన్‌లోని ఫ్యూజీ పర్వతం దగ్గర బీవోఏసీ 911 విమానం గాలిలోనే ముక్కలై 124 మంది చనిపోవడానికి కారణం ఇటువంటి కుదుపే. అలలు విరిగే చోట పై గాలుల వేగం కూడా తగ్గుతుంది. అందువల్ల ప్రపంచ వాతావరణ మోడళ్లన్నీ ఈ లాగుడు బలాన్ని ఏదో ఒక రూపంలో లెక్కలోకి తీసుకోక తప్పదు.

తిరుపతిలో ఉన్నవారికి ఈ విషయం పాఠ్యపుస్తకానికి పరిమితమైనది కాదు. ఊరు సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంటే, ఊరి నెత్తిమీదే ఉన్న తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. ఆషాఢంలో పడమటి గాలి రాయలసీమ పీఠభూమి మీదుగా వచ్చి, శేషాచలం అంచు దాటి, తూర్పున ఉన్న మైదానంలోకి దిగుతుంది. అంటే నైరుతి కాలమంతా మన ఊరు కొండకు గాలిచాటున ఉంటుంది. కొండ ఎత్తును 700 మీటర్లుగానూ, గాలిని సెకనుకు 10 మీటర్లుగానూ తీసుకుంటే, పౌనఃపున్యాన్ని ఎత్తుతో గుణించి గాలి వేగంతో భాగించగా వచ్చే సంఖ్య 0.7. ఇది సున్నాకు దగ్గరగా ఉంటే చేతి లెక్కల సిద్ధాంతం చాలు. ఒకటిని సమీపిస్తే అల మడతపడటం, గాలి కొండను ఎక్కలేక పక్కలకు చీలడం మొదలవుతాయి. మన కొండ ఈ రెండింటి మధ్య ఇబ్బందికరమైన చోట ఉంది. అందుకే ఇక్కడ సంఖ్యాత్మక మోడల్‌ విలాసం కాదు, అవసరం.

ఈ మోడల్‌ పుట్టుక గురించి ఒక విషయం చెప్పడం న్యాయం. 1990ల చివర అమెరికాలోని జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం అయిన ఎన్‌సీఏఆర్‌, అక్కడి వాతావరణ శాఖ, సైనిక వాతావరణ సంస్థలు, ఓక్లహామా విశ్వవిద్యాలయం కలిసి దీని నిర్మాణం మొదలుపెట్టాయి. ఎన్‌సీఏఆర్‌ ఉన్నది కొలరాడోలోని బౌల్డర్‌లో, సరిగ్గా రాకీ పర్వతాల పాదాల దగ్గర. 1972 జనవరి 11న ఆ ఊరిని పర్వత తరంగాలు పుట్టించిన పెనుగాలి అతలాకుతలం చేసింది. పరిశోధన విమానాలు ఆ రోజు అలల ఆకృతిని కొలిచాయి. ఆ సంఘటన తర్వాత దశాబ్దాలపాటు ప్రతి కొత్త మోడల్‌కూ పరీక్షగా నిలిచింది. డగ్లస్‌ లిల్లీతో కలిసి 1975లో కొండవాలు మీదుగా కిందికి దూకే అటువంటి గాలుల సిద్ధాంతాన్ని రూపొందించిన జోసెఫ్‌ క్లెంప్‌ తర్వాత డబ్ల్యూఆర్‌ఎఫ్‌ గణిత హృదయాన్ని నిర్మించినవారిలో ఒకరయ్యారు. కొండగాలిని దగ్గరగా ఎరిగినవారి చేతిలో రూపుదిద్దుకున్నదన్న సంగతి ఈ మోడల్‌ లోపలి సమీకరణాలలో కనిపిస్తుంది. నిలువు త్వరణాన్ని వదిలివేయకుండా, గాలి నొక్కుకుపోవడాన్నీ లెక్కలోకి తీసుకునే పూర్తి సంపీడ్య సమీకరణాలను పరిష్కరిస్తుంది. వేగంగా పోయే ధ్వని తరంగాలను చిన్న కాలపు మెట్లతోనూ, మిగిలినవాటిని మూడో తరగతి రుంగె–కుట్టా పద్ధతితో పెద్ద మెట్లతోనూ నడుపుతుంది. 2018 జూన్‌లో వచ్చిన నాలుగో వరుస నుంచి బాగుచేసిన నిలువు అక్షమే మామూలు అమరిక అయింది: కింద కొండ ఆకారాన్ని అనుసరించే తలాలు పైకి పోయేకొద్దీ పాత వెర్షన్ల కంటే త్వరగా చదునవుతాయి. పాత పద్ధతిలో తిరుమల కొండ ముద్ర మేఘాల పొరకు పైనున్న స్ట్రాటోస్ఫియర్‌ తలాల మీద కూడా మిగిలి, లేని అలలను కల్పించే ప్రమాదం ఉండేది. పర్వత తరంగాల కోసం ఎవరైనా ఇంకా మూడో వరుస వెర్షన్లను వాడుతుంటే, ఈ ఒక్క కారణం చాలు, మారడానికి.

స్థాపన గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. లైనక్స్‌, ఫోర్ట్రాన్‌ కంపైలర్‌, నెట్‌సీడీఎఫ్‌ లైబ్రరీ, ఒకటికి మించి కోర్లు వాడాలంటే వాటి మధ్య సమాచారాన్ని చేరవేసే ఎంపీఐ కావాలి. అన్నింటినీ ఒకే కంపైలర్‌తో కట్టుకుంటే సగం చిక్కులు రావు. కంపైల్‌ చేయడం రాని విద్యార్థి మొదటి వారం నిరుత్సాహపడతాడు. పక్కన తెలిసినవారు ఉంటే అది ఒక పూటలో తేలే పని.

స్థాపన పూర్తికాగానే నిజమైన వాతావరణం మీదికి దూకకుండా, మోడల్‌తో పాటే వచ్చే గంట ఆకారపు కొండ పరీక్షను నడపమని గట్టిగా చెబుతాను. ఈ మొత్తం ప్యాకేజీలో నాకు అత్యంత విలువైనదిగా అనిపించేది ఇదే. రెండు మితులలో 100 మీటర్ల ఎత్తు, 10 కిలోమీటర్ల అర్ధవెడల్పు ఉన్న కొండ, దాని మీదుగా సెకనుకు 10 మీటర్ల గాలి, సెకనుకు 0.01 పౌనఃపున్యం, 2 కిలోమీటర్ల గ్రిడ్‌ (అంటే లెక్క జరిగే బిందువుల మధ్య దూరం అంత), 30 కిలోమీటర్ల ఎత్తు దాకా 80 పొరలు. వర్షం లేదు, సూర్యకాంతి లేదు, కొండ, గాలి మాత్రమే. మామూలు ల్యాప్‌టాప్‌ మీద కూడా నడుస్తుంది. మోడల్‌ గడియారంలో పది గంటలు గడిచిన తర్వాత నిలువు గాలిని అడ్డకోతలో గీసి చూస్తే, కొండ శిఖరం మీదుగా పైకీ కిందికీ వీచే గాలి పట్టీలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. ప్రతి పట్టీ పైకి పోయేకొద్దీ గాలి వచ్చే వైపుకు వాలి ఉంటుంది. ఆ వాలు ఉన్నదంటే శక్తి పైకి పోతున్నట్టు. ఒక పట్టీ నుంచి అదే గుర్తు ఉన్న మరో పట్టీకి మధ్య దూరం 6.3 కిలోమీటర్లకు దగ్గరగా రావాలి. కొండ దగ్గర నిలువు గాలి సెకనుకు 10 సెంటీమీటర్ల మేర ఉండాలి, ఎందుకంటే 10 మీటర్ల గాలిని కొండ ఎత్తుతో గుణించి అర్ధవెడల్పుతో భాగిస్తే వచ్చేది అంతే.

ఇంకొంచెం శ్రమపడగలిగినవారు గాలి మీద కొండ చూపే లాగుడును కూడా లెక్కించాలి. సరళ సిద్ధాంతం ప్రకారం అది పైలో నాలుగో వంతును గాలి సాంద్రతతో, పౌనఃపున్యంతో, గాలి వేగంతో, కొండ ఎత్తు వర్గంతో గుణించిన విలువ. పై సంఖ్యలతో కొండ పొడవులో ఒక్కో మీటరుకు సుమారు 940 న్యూటన్లు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, అల విరగనంతవరకు, ఈ లాగుడును పైకి మోసుకుపోయే ద్రవ్యవేగ ప్రవాహం ఎత్తుతో మారకూడదు. దానిని ఎత్తుకు ఎదురుగా గీస్తే, పైనున్న అణచివేత పొర దాకా నిలువు గీతగా రావాలి. మధ్యలోనే తగ్గిపోతుంటే మోడల్‌ తన వ్యాపనంతో, అంటే తేడాలను చెరిపి నునుపు చేసే లెక్కతో, అలను తినేస్తున్నదని అర్థం. మాట తప్పని సమాధానం ముందే తెలిసిన పరీక్ష ఇది. విద్యార్థికి మోడల్‌ మీద నమ్మకం కలగడానికీ, ఆ నమ్మకానికి హద్దు ఎక్కడో తెలియడానికీ ఇంతకు మించిన దారి లేదు. కొండ ఎత్తును మెల్లమెల్లగా పెంచుతూ పోతే సిద్ధాంతం ఎక్కడ చేతులెత్తేస్తుందో, అల ఎక్కడ మడతపడుతుందో కళ్లారా చూడవచ్చు.

ఇప్పుడు నా ప్రధానమైన అభ్యంతరానికి వస్తాను. నిజమైన వాతావరణానికి మారినప్పుడు మోడల్‌ పైకప్పు నమూనా అమరికలో గాలి పీడనం 50 హెక్టోపాస్కల్‌ ఉండే ఎత్తు దగ్గర ఉంటుంది. మన దగ్గర అది సుమారు 20 కిలోమీటర్ల ఎత్తు. పైకి పాకిన అలలు ఆ కప్పును తాకి కిందికి ప్రతిఫలించకుండా, కప్పు కింద అలలను అణచివేసే ఒక పొరను పెట్టుకోవాలి. ఈ మోడల్‌లో అందుకు ఉన్న మార్గాలలో క్లెంప్‌ బృందం 2008లో ప్రతిపాదించిన నిలువు గాలిని అణిచే పద్ధతి చాలా మంచిది, నిస్సంకోచంగా దానినే ఎంచుకోవచ్చు. అయితే ఆ పొర మందం మామూలుగా 5000 మీటర్లు. 20 కిలోమీటర్ల నుంచి 5 తీసివేస్తే 15. అంటే 15 కిలోమీటర్ల నుంచే మోడల్‌ అలలను ఉద్దేశపూర్వకంగా చంపేస్తుంది. ఉత్తర అమెరికా శీతాకాలంలో ట్రోపోపాజ్‌, అంటే స్ట్రాటోస్ఫియర్‌ మొదలయ్యే హద్దు, 10, 12 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది కనుక అక్కడివారికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. మన ఉష్ణమండలంలో ట్రోపోపాజ్‌ సుమారు 17 కిలోమీటర్ల దగ్గర, నైరుతి కాలపు తూర్పు జెట్‌ గాలి ఇంచుమించు 16 కిలోమీటర్ల దగ్గర ఉంటాయి. మనం చూడదలచిన చోటే మోడల్‌ కళ్లు మూసుకుంటుందన్న మాట. పైగా 5 కిలోమీటర్ల పొర, 6 కిలోమీటర్ల నిలువు తరంగదైర్ఘ్యం గల అలను పూర్తిగా మింగలేదు. కొంత ప్రతిఫలనం తప్పదు.

కనుక కప్పును కనీసం 10 హెక్టోపాస్కల్‌కు, అంటే సుమారు 31 కిలోమీటర్లకు ఎత్తాలి. అణచివేత పొరను 8 నుంచి 10 కిలోమీటర్లకు పెంచాలి. యూరోపియన్‌ వాతావరణ కేంద్రం వారి ఈఆర్‌ఏ5 పునర్విశ్లేషణ, అంటే గత వాతావరణాన్ని కొలతలతో కలిపి తిరిగి లెక్కగట్టిన సమాచారం, 1 హెక్టోపాస్కల్‌ దాకా గంటగంటకూ విలువలను ఇస్తుంది కాబట్టి పై సరిహద్దుకు సమాచారం కొరత లేదు. దీనితో పాటు పొరల సంఖ్య కూడా పెరగాలి. నాలుగో వరుసలో పొరలను మోడల్‌ తానే అమర్చినప్పుడు పై పొరల మందం 1000 మీటర్ల దాకా పెరగనిస్తుంది. స్ట్రాటోస్ఫియర్‌లో పౌనఃపున్యం సెకనుకు 0.02 ఉంటే, 10 మీటర్ల గాలిలో అల నిలువు పొడవు 3 కిలోమీటర్లే. మూడు బిందువులతో ఒక అలను గీయలేము. పొర మందాన్ని 250 మీటర్లకు దించితే 31 కిలోమీటర్లకు సుమారు 120 పొరలు అవుతాయి. ఖర్చు పెరుగుతుంది, కానీ ఇది తప్పించుకోదగిన ఖర్చు కాదు. అడ్డంగా గ్రిడ్‌ను సన్నబరచి నిలువును పట్టించుకోకపోవడం ఈ రంగంలో తరచుగా కనిపించే అలవాటు. ఆ రెండింటిలో ఒకదానికే వెసులుబాటు ఉంటే నేను నిలువునే ఎంచుకుంటాను.

కొండ ఆకారం విషయానికి వస్తే, మోడల్‌తో వచ్చే భూతల ఎత్తుల సమాచారం 30 ఆర్క్‌సెకన్లది, అంటే ఇంచుమించు 900 మీటర్లకు ఒక విలువ. దానిని గ్రిడ్‌ మీదికి తెచ్చాక ఒకసారి నునుపు చేస్తారు కూడా. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లెక్కితే కొండ పైకి చేరిపోతాము. అడ్డంగా చూస్తే ఆ ఎక్కుడు మొత్తం 3 కిలోమీటర్ల గ్రిడ్‌లో ఒక్క గడిలో దాగిపోతుంది. అంత గ్రిడ్‌లో తిరుమల అంచు నిట్రంగా ఉండదు, మెల్లని వాలుగా మారుతుంది, దాంతో అల బలం తగ్గి, పొడవు పెరుగుతుంది. ఈ మోడల్‌ నిజంగా విడమరచి చూపగల కనీస పొడవు గ్రిడ్‌ దూరానికి ఏడు రెట్లు ఉంటుందని దాని నిర్మాతలలో ఒకరైన విలియం స్కామరాక్‌ 2004లోనే తేల్చారు. 1 కిలోమీటరు గ్రిడ్‌ అంటే 7 కిలోమీటర్ల అల. మన కొండల చాటున నిలబడగల లీ తరంగాల పొడవు కూడా దాదాపు అంతే కనుక, 1 కిలోమీటరు గ్రిడ్‌ సరిగ్గా అంచున ఉంటుంది. 333 మీటర్లకు దిగితే గానీ ధీమాగా మాట్లాడలేము; అక్కడికి దిగినప్పుడు ఎత్తుల సమాచారాన్ని కూడా అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన 90 మీటర్ల ఎస్‌ఆర్‌టీఎమ్‌తో మార్చుకోవాలి, లేకపోతే సన్న గ్రిడ్‌ మీద మొద్దు కొండను పెట్టినట్టే. గ్రిడ్‌ను మూడో వంతుకు తగ్గిస్తే రెండు అడ్డ దిశలలోనూ కాలపు మెట్టులోనూ మూడేసి రెట్లు చొప్పున ఖర్చు 27 రెట్లవుతుంది.

వాలు నిట్రమయ్యేకొద్దీ మోడల్‌ మొరాయించడం కూడా మొదలవుతుంది. కిలోమీటరు గ్రిడ్‌కు 6 సెకన్ల మెట్టు అన్న మామూలు సూత్రం ఇక్కడ పనికిరాదు, 3 లేదా 4 సెకన్లకు దిగాలి. ధ్వని తరంగాల పద్ధతిలో కాలాన్ని కొద్దిగా ముందుకు వంచే గుణకాన్ని 0.1 నుంచి 0.5 వైపుకు పెంచితే చాలా లెక్కలు కూలిపోకుండా నిలబడతాయి. మరో మాట: వ్యాపనాన్ని మోడల్‌ తలాల వెంట లెక్కించే పాత ఎంపికను వాడితే, వాలు మీద కింది వేడి గాలీ పై చల్లటి గాలీ కృత్రిమంగా కలిసిపోతాయి. అడ్డంగా నిజమైన సమతలంలో లెక్కించే ఎంపికనే పెట్టుకోవాలి. మోడల్‌ అమరికలన్నీ ఉండే పాత నేమ్‌లిస్ట్‌ ఫైలును ఒకరి నుంచి ఒకరు తీసుకుని వాడుకునే చోట్ల ఈ అమరిక తరతరాలుగా అలాగే కొనసాగుతూ ఉంటుంది. ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది.

మన ప్రాంతపు గాలి ఈ మోడల్‌కు ఒక చక్కని పరీక్ష పెడుతుంది. జూలైలో తిరుపతి మీద నేల నుంచి సుమారు 6, 8 కిలోమీటర్ల దాకా పడమటి గాలి, దానిపైన తూర్పు గాలి. మధ్యలో ఒకచోట గాలి సున్నా అవుతుంది. కొండకు అంటిపెట్టుకుని నిలిచిన అల ఆ ఎత్తును దాటలేదు: దగ్గరపడేకొద్దీ దాని నిలువు పొడవు కుంచించుకుపోతుంది, శక్తి అక్కడి గాలిలో కలిసిపోతుంది. బుకర్‌, బ్రెదర్టన్‌ 1967లో చూపిన దాని ప్రకారం, అక్కడ గాలి పొర స్థిరత్వాన్ని గాలి వేగపు మార్పుతో పోల్చే రిచర్డ్‌సన్‌ సంఖ్య 1 ఉంటే దాటి పోయే ప్రవాహం అర శాతం కూడా ఉండదు. కనుక నైరుతి కాలంలో మోడల్‌ 12 కిలోమీటర్ల దగ్గర కొండకు అతుక్కుని కదలని బలమైన అలలను చూపిస్తే, వాటిని మెచ్చుకునే ముందు అనుమానించాలి. అయితే ఈ సూత్రాన్ని గుడ్డిగా కూడా వాడకూడదు. శేషాచలం ఒకే గీతలో పరిచిన కొండ కాదు, వంకలు తిరిగిన శ్రేణి. అది అన్ని దిశలలోనూ అలలను పంపుతుంది. గాలి ఎత్తుతో దిశ మార్చుకుంటూ పోయినప్పుడు ఒక్కో దిశ అలకు ఒక్కో ఎత్తున అడ్డుగోడ ఎదురవుతుంది. ఉత్తర దక్షిణ గాలి కాస్త ఉంటే కొన్ని అలలు జారుకుని పైకి పోగలవు. ఈ వడపోతను త్రిమితీయంగా చూపడంలో డబ్ల్యూఆర్‌ఎఫ్‌ నన్ను నిజంగా మెప్పించింది. తగినన్ని పొరలు ఇచ్చినప్పుడు, గాలి మళ్లే ఎత్తుకు చేరువలో పట్టీలు సన్నబడుతూ పోయి ఆగిపోవడం అడ్డకోతలో స్పష్టంగా కనిపిస్తుంది. పొరలు మందంగా ఉంటే అదే చోట అల మొరటుగా, అకస్మాత్తుగా మాయమవుతుంది.

పై ఎత్తులలో మన దగ్గర కనిపించే అలల్లో ఎక్కువ భాగం ఉరుముల మేఘాలు పుట్టించినవే. మోడల్‌లో వాటినీ కొండ అలలనూ విడదీయాలంటే, అదే రోజును కొండను చదును చేసి మరోసారి నడిపి తేడా చూడటం ఒక మార్గం. కానీ మేఘాలు రెండుసార్లూ ఒకేచోట లేవవు కనుక తేడాలో గందరగోళం మిగులుతుంది. ఆవిరి నీరుగా మారినప్పుడు వెలువడే వేడిని ఆపివేసే ఒక ఎంపిక ఈ మోడల్‌లో ఉంది. గ్రిడ్‌కు అందని చిన్న మేఘాల ప్రభావాన్ని అంచనా వేసే క్యుములస్‌ పథకాన్ని కూడా ఆపి, ఆ ఎంపికతో రెండు లెక్కలనూ నడిపితే కొండ వాటా చాలా శుభ్రంగా బయటపడుతుంది. ఇంత ఉపయోగకరమైన ఎంపికను ఎక్కువమంది గమనించకపోవడం బాధాకరం.

లెక్క సరైనదో కాదో తేల్చుకోవడానికి ప్రపంచంలో చాలా ఊళ్లకు లేని వసతి మనకు ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు వైపు వెళ్లే దారిలో గాదంకి దగ్గర ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 53 మెగాహెర్ట్జ్‌ ఎంఎస్‌టీ రాడార్‌, 1024 యాగీ యాంటెన్నాలతో, తల మీది నిలువు గాలిని నేరుగా కొలుస్తుంది. సుమారు మూడున్నర కిలోమీటర్ల నుంచి 20 కిలోమీటర్ల దాకా, 150 మీటర్ల మెట్లతో దాని కొలతలు దొరుకుతాయి. మోడల్‌ను రాడార్‌తో పోల్చేటప్పుడు ఏ క్షణంలో ఏ విలువ అని సరిపోల్చడం వృథా ప్రయాస. అల అర కిలోమీటరు అటూ ఇటూ జరిగితే గుర్తే మారిపోతుంది. 1972 నాటి బౌల్డర్‌ గాలిని 11 మోడళ్లతో లెక్కించి 2000లో పోల్చినప్పుడు, స్ట్రాటోస్ఫియర్‌లో అలలు విరుగుతాయని అన్నీ చెప్పాయి గానీ వివరాలలో ఒకదానితో మరొకటి కలవలేదు. కనుక కొన్ని గంటల సగటు నిలువు గాలిని, దాని ఎత్తువారీ మార్పును, గాలి మళ్లే ఎత్తుకు పైనా కిందా ఊపు ఎంత తగ్గిందన్నదాన్ని పోల్చాలి. మోడల్‌ గ్రిడ్‌లో గాదంకి గడిని ఒక్కదానినే తీసుకోకుండా చుట్టూ ఉన్న గడుల వ్యాప్తిని కూడా చూపించాలి. ఆ చుట్టుపక్కల కొండలు చిన్నవే అయినా గజిబిజిగా ఉంటాయి.

వాడుకలో ఎదురయ్యే కొన్ని సంగతులు. 300 గుణకం 300 గడులు, 100 పొరల గ్రిడ్‌ అంటే 90 లక్షల బిందువులు. ఒక్క చలరాశిని ఒక్కసారి రాయడానికి 36 మెగాబైట్లు. పది నిమిషాలకొకసారి రాస్తే ఒక్కరోజుకు ఒక్క చలరాశికే 5 గిగాబైట్లు దాటుతుంది. ఏ రాశులు రాయాలో చెప్పే చిన్న టెక్స్ట్‌ ఫైలును ఇవ్వవచ్చు. అలల పనికి మూడు గాలి అంశాలు, పొటెన్షియల్‌ ఉష్ణోగ్రత, పీడనం, జియోపొటెన్షియల్‌ చాలు, మిగిలినవి తీసివేయండి. వేసవిలో కరెంటు కోతలున్న చోట పునఃప్రారంభ ఫైళ్ల వ్యవధిని మోడల్‌ గడియారంలో గంటకో రెండు గంటలకో తగ్గించి పెట్టుకోవాలి. ఆగినచోటి నుంచి ఈ మోడల్‌ ఎంత కచ్చితంగా తిరిగి మొదలవుతుందంటే, మధ్యలో ఆగినట్టు ఫలితాలలో జాడే ఉండదు. లోపలి సన్న గ్రిడ్‌ సరిహద్దు కొండ వాలు మీద పడకుండా చూసుకోవాలి. సరిహద్దు కొండను కోస్తే అక్కడే లేని అలలు పుడతాయి. పడమట మదనపల్లె వైపు సరిహద్దును తగినంత దూరం జరిపితే గాలికి కొండను చేరేముందు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది.

కేవలం ఆదర్శ కొండల మీద సిద్ధాంతాన్ని పరీక్షించదలచిన విద్యార్థికి డబ్ల్యూఆర్‌ఎఫ్‌ బరువు అవసరం లేదు. ఎన్‌సీఏఆర్‌ నుంచే ఉచితంగా వచ్చే సీఎం1 మోడల్‌ తేలిక, శుభ్రం, ద్రవ్యవేగ లెక్కలు తీయడం సులువు. ఏడాది పొడవునా శేషాచలం మీద ఏం జరుగుతున్నదో, ఫలానా రోజు గాదంకి రాడార్‌ చూసినదానికి కారణమేమిటో తెలుసుకోవాలంటే మాత్రం డబ్ల్యూఆర్‌ఎఫ్‌నే తీసుకోండి. చేతిలో 16 లేదా 32 కోర్ల వర్క్‌స్టేషన్‌ ఒకటి ఉన్నవారు 1 కిలోమీటరు గ్రిడ్‌తో, 120 పొరలతో, 10 హెక్టోపాస్కల్‌ కప్పుతో మొదలుపెట్టి, అలలు నిజంగా ఉన్నాయనిపించిన రోజులను మాత్రమే ఎంచుకుని 333 మీటర్లకు దిగడం మంచిది.